మీ పీడీఎఫ్ అసలు పీడీఎఫే కాదు: ఫైలు లోపలి బైట్లను టెర్మినల్లో చూడటం

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: యూనివర్సిటీ సైటు నుంచి కర్ల్‌తో (లింకు ఇస్తే ఫైలు దించే కమాండ్) దించుకున్న మార్కుల మెమో పీడీఎఫ్ తెరుచుకోవడం లేదు. బైనరీ ఫైలు మీద క్యాట్ (ఫైల్లో ఉన్నదాన్ని తెర మీద చూపించే కమాండ్) కొట్టొద్దని ఎవరో చెప్పారు కాబట్టి హెక్స్‌డంప్ కొట్టి చూశాను. పీడీఎఫ్ అయితే 25 50 44 46తో మొదలవ్వాలని చదివాను. నాకు మాత్రం 213సీ 4ఎఫ్44 5443 5059 అని వచ్చింది. దీన్ని ఎలా చదవాలి? హెక్స్‌లో చూడటానికి సరైన కమాండ్ ఏది?

ముందు టెన్షన్ తగ్గించుకోండి. మీ ఫైలు పాడవలేదు. పేరు చివర పీడీఎఫ్ అని ఉన్నా మీ డిస్కు మీదికి వచ్చింది ఒక వెబ్ పేజీ. అది మీరు పెట్టిన ఆ నాలుగు ముక్కల్లోనే ఉంది, కాకపోతే తిరగేసి ఉంది.

మొదలుపెట్టే ముందు ఒక మాట. కమాండ్ల పేర్లు తెలుగులో రాస్తున్నాను, మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్నక్షరాల్లో కొట్టండి. పెద్దక్షరం కావాల్సిన చోట విడిగా చెబుతాను. హెక్స్ అంటే పదహారు ఆధారంగా లెక్కపెట్టడం, ఆ అంకెల్లో 9 దాటాక వచ్చే ఏ, బీ, సీ, డీ, ఈ, ఎఫ్‌లను కూడా ఇలాగే రాస్తాను.

మీకు వచ్చిన 213సీని రెండుగా విరవండి: 21, 3సీ. ఇప్పుడు తారుమారు చేయండి: 3సీ, 21. మిగతా మూడూ అలాగే తిప్పితే 3సీ 21 44 4ఎఫ్ 43 54 59 50 వస్తుంది. ఏ సంఖ్యకు ఏ అక్షరమో చెప్పే ఆస్కీ పట్టికలో 3సీ అంటే కోణపు బ్రాకెట్టు, 21 అంటే ఆశ్చర్యార్థకం, ఆ తర్వాత వరుసగా డీ, ఓ, సీ, టీ, వై, పీ. హెచ్‌టీఎంఎల్ పేజీ మొదటి వరుసలో ఉండే డాక్‌టైప్ అన్న మాట అది. విచిత్రం ఏమిటంటే, ఎవరి మాటా వినకుండా మీరు క్యాట్ కొట్టి ఉంటే అప్పుడే తెలిసిపోయేది.

తిరగబడటానికి కారణం హెక్స్‌డంప్ తప్పు చేయడం కాదు. ఏ ఆప్షనూ ఇవ్వకపోతే అది రెండేసి బైట్లను కలిపి ఒక 16 బిట్ల సంఖ్యగా చదువుతుంది. ఇంటెల్ ప్రాసెసర్లు, మన ఫోన్లలోని ఆర్మ్ ప్రాసెసర్లు సంఖ్యను దాచేటప్పుడు చిన్న విలువ ఉన్న బైటును ముందు పెడతాయి. దీన్నే లిటిల్ ఎండియన్ అంటారు. మనకేమీ కొత్త కాదు. పాత శాసనాల్లో శక సంవత్సరాన్ని మాటల్లో చెప్పేటప్పుడు ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఎడమవైపుకు వెళ్లేవారు, ‘అంకానాం వామతో గతిః’ అని. ఫైల్లో సంఖ్య అలా ఉంది, హెక్స్‌డంప్ దాన్ని సరిచేసి మనం చదివే వరుసలో చూపించింది. అయితే మీకు కావాల్సింది సంఖ్య కాదు, బైట్లు ఉన్నవి ఉన్నట్టుగా. అందుకే ఈ కమాండ్‌ను ఎప్పుడూ ఉత్తినే కొట్టకండి. ఇలా కొట్టండి:

హెక్స్‌డంప్ -సీ మెమో.పీడీఎఫ్ | హెడ్

ఇక్కడ సీ పెద్దక్షరం. చిన్నక్షరం కొడితే ఇంకో రూపంలో వస్తుంది. పెద్ద సీతో ఎడమ చివర ఆ వరుస ఫైల్లో ఎన్నో బైటు దగ్గర మొదలవుతుందో, మధ్యలో 16 బైట్లు, కుడివైపు నిలువు గీతల మధ్య అవే బైట్లు అక్షరాలుగా వస్తాయి. అక్షరంగా చూపించడానికి వీల్లేని వాటికి చుక్క పెడుతుంది. మీ ఫైలు మీద ఇది కొడితే కుడివైపు డాక్‌టైప్ హెచ్‌టీఎంఎల్ అని మొదటి వరుసలోనే కనిపిస్తుంది, లెక్కలేమీ అక్కర్లేదు.

నేను మాత్రం రోజూ వాడేది ఎక్స్‌ఎక్స్‌డీ. ఎక్స్, ఎక్స్, డీ అని మూడు అక్షరాలే. విమ్ ఎడిటర్‌తో పాటు వస్తుంది. బైట్లను తిప్పదు, ఏ ఆప్షనూ లేకుండానే కుడివైపు అక్షరాలు చూపిస్తుంది. మొదటి 64 బైట్లు చాలనుకుంటే ‘-ఎల్ 64’, ఫైలు మధ్యలోంచి చూడాలంటే ‘-ఎస్’ తర్వాత స్థానం. బైట్లను రెండేసి అంటించి చూపిస్తుంది, కళ్లకు కష్టంగా ఉంటే ‘-జీ 1’ ఇవ్వండి, విడివిడిగా వస్తాయి. హెక్స్‌డంప్‌లో ఎన్ని బైట్లు కావాలో చెప్పడానికి ‘-ఎన్’ వాడాలి, ‘-ఎల్’ కాదు. ఈ రెండూ నేనే ఇప్పటికీ కలగాపులగం చేస్తుంటాను.

మూడోది ఓడీ. మిగతా రెండూ లేని మెషీన్లో కూడా ఇది ఉంటుంది, యూనిక్స్ పుట్టినప్పటి నుంచీ ఉంది. 1971లో వచ్చిన మొదటి యూనిక్స్ మాన్యువల్లోనే దీని పేజీ ఉంది. పేరుకు అర్థం ఆక్టల్ డంప్. ఆ రోజుల్లో యూనిక్స్ నడిచిన పీడీపీ మెషీన్ల మీద ఎనిమిది ఆధారంగా లెక్కపెట్టడమే అలవాటు. ఆ పాత అలవాటు వల్లే ఉత్తి ఓడీ కొడితే ఈనాటికీ ఆక్టల్ అంకెలు వచ్చి కొత్తవాళ్లు బెంబేలెత్తిపోతారు. హెక్స్ కావాలంటే ఇలా:

ఓడీ -ఏ ఎక్స్ -టీ ఎక్స్1జెడ్ మెమో.పీడీఎఫ్

మొదటి ఏ పెద్దక్షరం, మిగతావన్నీ చిన్నవి. చివరి జెడ్ వల్ల కుడివైపు అక్షరాలు కూడా వస్తాయి. జెడ్ లినక్స్‌లో పనిచేస్తుంది, అన్ని యూనిక్స్‌లలోనూ ఉంటుందని అనుకోవద్దు.

ఇక చదవడం. కమాండ్ ఎవరైనా చెబుతారు, వచ్చింది చదవడం దగ్గరే అందరూ ఆగిపోతారు. చిన్న జిఫ్ బొమ్మ ఒకటి తీసుకుందాం. మొదటి పది బైట్లు ఇలా ఉన్నాయి:

00000000  47 49 46 38 39 61 40 01  64 00

మొదటి ఆరు బైట్లు 47 49 46 38 39 61. ఇవి జీ, ఐ, ఎఫ్, 8, 9, చిన్న ఏ. అంటే 1989 నాటి జిఫ్ రూపం. దీన్నే ఫైలు సంతకం అంటారు, మ్యాజిక్ నంబర్ అని కూడా అంటారు. తర్వాతి రెండు బైట్లు బొమ్మ వెడల్పు, ఆ తర్వాతి రెండు ఎత్తు. కుడివైపు చూస్తే 40 ఉన్న చోట @ గుర్తు, 64 ఉన్న చోట చిన్న డీ అక్షరం కనిపిస్తాయి. అక్కడ పొరపడకండి. అవి అక్షరాలు కావు, ఆ విలువకు ఆస్కీలో అక్షరం ఉంది కాబట్టి కమాండ్ అలా చూపించింది, అంతే. 40 01ని తిప్పితే 0140, అంటే 256కు 64 కలిపితే 320. 64 00ని తిప్పితే 0064, అంటే 100. బొమ్మ వెడల్పు 320, ఎత్తు 100 పిక్సెళ్లు. ఇదే ఫైలు మీద ఉత్తి హెక్స్‌డంప్ కొడితే 4947 3846 6139 0140 0064 అని వస్తుంది. సంతకం చెడింది కానీ వెడల్పు, ఎత్తు మాత్రం చక్కగా చదవగలిగేలా వచ్చాయి చూశారా? ఆ రూపం ఎందుకు ఉందో ఇప్పుడు అర్థమవుతుంది. ఫైల్లో 16 బిట్ల సంఖ్యలే ఉంటే అది మేలు, మాటలుంటే మాత్రం తలనొప్పి.

ఆస్కీ పట్టిక మొత్తం బట్టీ పట్టక్కర్లేదు. అంకెలు 30 నుంచి 39 వరకు ఉంటాయి, రెండో అంకె చూస్తే చాలు, 37 అంటే 7. పెద్దక్షరాలు 41 దగ్గర, చిన్నక్షరాలు 61 దగ్గర మొదలవుతాయి. స్పేస్ 20, కొత్త లైను 0ఏ. 0డీ 0ఏ జంటగా కనిపిస్తే ఆ ఫైలు విండోస్‌లో తయారైందని అనుకోవచ్చు. నోట్‌ప్యాడ్‌లో రాసిన షెల్ స్క్రిప్ట్ లినక్స్‌లో నడవనని మొరాయిస్తే ముందుగా చూడాల్సింది ఈ 0డీ కోసమే.

సంతకాల్లో తరచూ ఎదురయ్యేవి నాలుగైదే. పీడీఎఫ్ మీకు తెలుసు. జేపెగ్ ఫొటో ఎఫ్ఎఫ్ డీ8 ఎఫ్ఎఫ్‌తో మొదలై ఎఫ్ఎఫ్ డీ9తో ముగుస్తుంది. జిప్ ఫైలు 50 4బీ 03 04, అందులో మొదటి రెండూ పీ, కే అక్షరాలు, ఆ రూపాన్ని తయారుచేసిన ఫిల్ కాట్జ్ పొడి అక్షరాలు. వర్డ్ డాక్‌ఎక్స్, ఎక్సెల్ ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్, ఆండ్రాయిడ్ ఏపీకే, ఈపబ్ పుస్తకం, ఇవన్నీ లోపల జిప్‌లే కాబట్టి అన్నిటిలోనూ పీకేనే కనిపిస్తుంది, కంగారు పడొద్దు. నాకు బాగా నచ్చేది పీఎన్‌జీ సంతకం: 89 50 4ఈ 47 0డీ 0ఏ 1ఏ 0ఏ. ఎనిమిది బైట్లలో ఎంత ముందుచూపో. మొదటి 89 ఏడు బిట్ల దారిలో పంపితే చెడిపోతుంది. 0డీ 0ఏ జంట, చివరి ఒంటరి 0ఏ, ఎవరైనా ఫైలును మామూలు టెక్స్ట్ అనుకుని లైను ముగింపులు మార్చేస్తే వెంటనే పట్టిస్తాయి. మధ్యలోని 1ఏ వల్ల పాత డాస్‌లో ఫైలును తెర మీద చూపించబోతే అక్కడితో ఆగిపోయేది.

ఒక సంగతి చెప్పాలి. మా బంధువులాయన పెన్‌డ్రైవ్‌లోంచి పెళ్లి ఫొటోలు ఒక షాపులో రికవర్ చేయించుకుని, ఒక్కటీ తెరుచుకోవట్లేదని నా దగ్గరికి తెచ్చారు. ఫైలు సైజు సరిగ్గా 3 ఎంబీ, పేరు బాగానే ఉంది. హెక్స్‌డంప్ పెద్ద సీతో కొడితే ఇంత పెద్ద ఫైలుకు వచ్చింది మూడంటే మూడే వరుసలు:

00000000  00 00 00 00 00 00 00 00  00 00 00 00 00 00 00 00
*
00300000

ఆ నక్షత్రానికి ‘పై వరుసే మళ్లీ మళ్లీ ఉంది, అన్నిసార్లు చూపించడం లేదు’ అని అర్థం. చివరి 00300000 ఫైలు ఎక్కడ ముగిసిందో చెబుతుంది, దశాంశంలో 31,45,728, అంటే సరిగ్గా 3 ఎంబీ. మొదలు నుంచి చివరి దాకా సున్నాలే. ఆ ఫైల్లో ఫొటో అన్నదే లేదు, ఏ రిపేర్ సాఫ్ట్‌వేర్ కొన్నా తిరిగి రాదు. ఆయనకు ఆ మాట చెప్పడం కష్టమైంది కానీ ఇంకో షాపులో డబ్బులు పోయడం మాత్రం తప్పింది. నక్షత్రం వద్దు, అన్ని వరుసలూ కావాలంటే ‘-వీ’ ఇవ్వాలి. ఎక్స్‌ఎక్స్‌డీ మామూలుగా ఇలా కుదించదు, ఇలాంటి ఫైలు మీద కొడితే సున్నాల వరద వస్తుంది. అందుకే దాన్ని తెర తెరగా ఆపి చూపించే లెస్‌లోకి పైప్ చేయడం అలవాటు చేసుకోండి.

హెక్స్ చూడటం బైనరీ ఫైళ్లకే అనుకుంటారు చాలామంది. నాకు ఎక్కువసార్లు పనికొచ్చింది తెలుగు టెక్స్ట్ దగ్గర. ఒకసారి సభ్యుల జాబితా ఒకటి వచ్చింది, సీఎస్‌వీ ఫైలు. ఊళ్ల వారీగా లెక్క తీయడానికి చిన్న పైథాన్ స్క్రిప్ట్ రాస్తే హైదరాబాద్ రెండు వరుసల్లో వచ్చింది. రెండూ కళ్లకు అచ్చం ఒకేలా ఉన్నాయి. ముందు స్పేస్ లేదు, వెనక స్పేస్ లేదు. రెండు మాటలనూ చెరో ఫైల్లో పెట్టి సైజు చూస్తే ఒకటి 28 బైట్లు, ఇంకోటి 31. ఎక్స్‌ఎక్స్‌డీ కొడితే మొదటిదాని తోక ఇలా ఉంది:

ఈ0 బీ0 ఏ6 ఈ0 బీ1 8డీ 0ఏ

రెండోదాని తోక:

ఈ0 బీ0 ఏ6 ఈ0 బీ1 8డీ ఈ2 80 8సీ 0ఏ

యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం ఒక్కోదానికి మూడు బైట్లు. యూనికోడ్‌లో తెలుగు గది మొత్తం ఈ0 బీ0 లేదా ఈ0 బీ1తోనే మొదలవుతుంది, మూడో బైటే మారుతుంది. ఇక్కడ ఈ0 బీ0 ఏ6 అంటే ద, ఈ0 బీ1 8డీ అంటే పొల్లు. హైదరాబాద్‌లో ఒత్తులు, గుణింతాలు విడివిడిగా లెక్కిస్తే తొమ్మిది, మూడు తొమ్మిదులు ఇరవై ఏడు, చివర కొత్త లైనుతో 28. రెండోదాంట్లో అదనంగా ఉన్న ఈ2 80 8సీ అనేది జీరో విడ్త్ నాన్ జాయినర్, కంటికి కనిపించని గుర్తు. ‘హైదరాబాద్‌లో’ అని టైప్ చేసేటప్పుడు పొల్లు పక్క అక్షరానికి ఒత్తుగా అతుక్కోకుండా కీబోర్డు మధ్యలో దీన్ని పెడుతుంది. ఎవరో ఆ మాటలోంచి ‘లో’ చెరిపేసి ఊరి పేరు మాత్రం ఉంచారు, గుర్తు అక్కడే ఉండిపోయింది. పైథాన్ స్ట్రిప్ ఫంక్షన్ దాన్ని ఖాళీగా లెక్కించదు కాబట్టి తీసెయ్యదు. మాట చివర ఉన్నదాన్ని మాత్రమే తీసేయాలి. కోపంలో ఫైలంతా తుడిచేస్తే మాటల మధ్య ఉన్నవి కూడా పోయి అన్నిచోట్లా వికారమైన ఒత్తులు తయారవుతాయి. ఆ పని కూడా చేసి చూశాను.

అదే మాటలో ఇంకో వల కూడా ఉంది. హై అక్షరంలోని ఐత్వాన్ని ఈ0 బీ1 88 అని ఒక్క గుర్తుగానూ రాయొచ్చు, ఈ0 బీ1 86 ఈ0 బీ1 96 అని ఎత్వం కింద ఇంకో గుర్తు తగిలించి రెండుగానూ రాయొచ్చు. తెర మీద తేడా ఉండదు, వెతికితే మాత్రం ఒకటి ఇంకోదానికి దొరకదు. యూనికోడ్ నార్మలైజేషన్ చేస్తే రెండూ ఒకటవుతాయి. పాత డీటీపీ ఫైళ్లు వస్తే ఇదే చూపుతో ఇంకోటి కూడా తేలుతుంది: టెక్స్ట్‌లో ఈ0 బీ0, ఈ0 బీ1 అన్న నడక ఎక్కడా లేదంటే అది యూనికోడ్ యూటీఎఫ్-8 కాదు, అను లాంటి పాత ఫాంట్ల ఎన్‌కోడింగ్ అయి ఉండొచ్చు, మార్పిడి చేయాల్సిందే.

చూశాక మార్చాలనిపిస్తుంది, అది సహజం. ఎక్స్‌ఎక్స్‌డీలో ‘-ఆర్’ అని ఉంది, హెక్స్ టెక్స్ట్‌ను వెనక్కి బైట్లుగా మారుస్తుంది. పై జిఫ్‌లో వెడల్పు దగ్గర 640 రాయాలంటే:

ఎకో "00000006: 8002" | ఎక్స్‌ఎక్స్‌డీ -ఆర్ - బొమ్మ.జిఫ్

ఆరో స్థానం నుంచి రెండు బైట్లే మారతాయి, మిగతా ఫైలు అలాగే ఉంటుంది. మొత్తం డంప్‌ను ఎడిటర్‌లో తెరిచి మార్చే పద్ధతిలో మధ్యలోని హెక్స్ అంకెలనే మార్చాలి, కుడివైపు అక్షరాలు మారిస్తే దానికి పట్టదు. ఇదే పనికి బైట్లను కాపీ చేసే డీడీ కమాండ్ వాడితే ‘కాన్వ్=నోట్రంక్’ మర్చిపోకండి. నేను ఒకసారి మర్చిపోతే రాసిన బైటు దగ్గరే ఫైలు తెగిపోయింది, వెనకున్నదంతా గంగలో కలిసింది. ఏం చేసినా ముందు కాపీ తీసుకోండి.

రెండు ఫైళ్లలో తేడా ఎక్కడుందో చూడటానికి ‘సీఎంపీ -ఎల్’ సులువు. కానీ అది స్థానాన్ని దశాంశంలో ఒకటి నుంచి లెక్కపెడుతుంది, బైట్లను ఆక్టల్‌లో చూపిస్తుంది. హెక్స్‌డంప్ స్థానం హెక్స్‌లో, సున్నా నుంచి. రెండిటినీ పక్కపక్కన పెట్టి ఒక అరగంట బుర్ర బద్దలు కొట్టుకోని వాళ్లు ఈ ఫీల్డులో ఎవరూ ఉండరు.

విండోస్‌లో ఉంటే పవర్‌షెల్‌లో ఫార్మాట్-హెక్స్ అని ఉంది, ఫైలు పేరు ఇస్తే చాలు. మ్యాక్‌లో పై మూడూ ముందే ఉంటాయి. ఉబుంటులో ఎక్స్‌ఎక్స్‌డీ లేదంటే అదే పేరుతో ప్యాకేజీ ఉంది, ఇన్‌స్టాల్ చేసుకోండి.

ఇప్పుడు మీ మెమో సంగతి. కర్ల్ కొట్టినప్పుడు లింకును కోట్స్‌లో పెట్టారా? లింకు మధ్యలో & గుర్తు ఉండి కోట్స్ లేకపోతే షెల్ అక్కడే లింకును తెంపేస్తుంది, సైటుకు సగం చిరునామానే వెళుతుంది. కోట్స్ పెట్టినా ఇలాగే వస్తే కారణం లాగిన్. బ్రౌజర్లో మీరు లాగిన్ అయి ఉన్నారన్న సంగతి కర్ల్‌కు తెలియదు, అందుకే సైటు మెమోకు బదులు లాగిన్ పేజీ పంపుతుంది, కర్ల్ దాన్నే బుద్ధిగా మీరిచ్చిన పేరుతో దాచేస్తుంది. బ్రౌజర్లోంచే దించుకోవడం తేలిక. దించాక ఈ రెండూ కొట్టండి:

ఎక్స్‌ఎక్స్‌డీ -ఎల్ 16 మెమో.పీడీఎఫ్
టెయిల్ -సీ 32 మెమో.పీడీఎఫ్ | ఎక్స్‌ఎక్స్‌డీ

ఇక్కడ సీ చిన్నక్షరం. మొదటిదాంట్లో 2550 4446, రెండోదాని చివర్లో 25 25 45 4ఎఫ్ 46 కనిపిస్తే ఫైలు మొదలూ తుదీ రెండూ చేతికొచ్చినట్టే. మొదలు ఉండి తుది లేకపోతే డౌన్‌లోడ్ మధ్యలో తెగింది, మళ్లీ దించండి. ఇంకా 3సీ 21 అనే వస్తుంటే ఈసారి మొహమాటపడకుండా క్యాట్ కొట్టి ఆ పేజీలో ఏం రాసుందో చదవండి. సెషన్ ముగిసింది, మళ్లీ లాగిన్ అవ్వండి అన్న ముక్క ఎక్కడో ఉండే ఉంటుంది.